నాలుగు సెకన్లు

ఆ పాట ఎవరో ప్రియురాలి కోసమేనని
తాంపెరెలో టాక్సీవాడు కూడా ఒట్టేసి చెప్తాడు.
చెప్పనీ.

ఆ రాత్రి టేపు తిప్పింది నేను.
బయట మైనస్ ఇరవై ఎనిమిది.
వెయ్‌క్కో భార్యకి కాగితం మిల్లులో నైట్ షిఫ్టు.
పిల్లనెక్కడ వదుల్తాడు?
డ్రమ్ముల వెనకే, కోట్ల కుప్పలో పడుకోబెట్టాడు
మూడేళ్ళ ఐలాని.
చెవుల్లో దూది, మీద ఉన్ని టోపీ,
ఛాతీలో పిల్లికూతలు.

గిటారు ఎక్కడికో ఎక్కిపోయింది.
ఆఖరి చరణం ముందు
డ్రమ్ము ఆగింది.

కర్రలు గాల్లోనే పట్టుకుని
వెయ్‌క్కో కోట్లవైపు చెవి ఒగ్గాడు.
ఒకటి. రెండు. మూడు.
గుర్రుమంటూ ఓ చిన్న ఊపిరి.
అప్పుడు కొట్టాడు చూడండీ దెబ్బ,
నా ముందున్న గాజుపలక అదిరి
కాఫీ ఒలికింది.

"పాడుచేశాను, మళ్ళీ తీద్దాం" అన్నాడు.
నేను ఆ టేపు దాచేశాను.

ఇప్పుడు సరిగ్గా ఆ ఖాళీలోనే
స్టేడియమంతా లైటర్లు ఎత్తుతుంది,
పక్కవాళ్ళని ముద్దుపెట్టుకుంటుంది.

ఐలా ట్రామ్ నడుపుతోంది.
స్టాపు దగ్గర ఏ కుర్రాడి ఫోన్లోంచో ఆ పాట వినబడితే
అక్కడిదాకా వచ్చేవరకూ
తలుపులు మూయదు.
చలికి జనం గొణుక్కుంటారు.