బోర్డు లేని చోట

గురువారాలు నా డ్యూటీ నిప్పు సుడిగాలి దగ్గర.
గంటకోసారి మంట లేచి,
కప్పుదాకా నడుం తిప్పి, ఆరిపోతుంది.
పిల్లలు హోరుమంటారు.
నేను గడియారం చూసుకుంటాను.

ఈ భవనానికి స్తంభాలు లేవు.
కాంక్రీటు గరాటులు కొన్ని దీన్ని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి.
వాటి సందుల్లోంచి వోల్ఫ్స్‌బర్గ్ నడిచిపోతుంది,
సైకిళ్లూ, రొట్టె సంచులూ, ఈదురుగాలీ.
లోపల నేల నేలలా ఉండదు,
గుట్టై లేస్తుంది, పల్లమై జారుతుంది.
గోడ ఎక్కడ ఆగి కప్పు ఎక్కడ మొదలైందో
ఏడేళ్ల ఉద్యోగంలో నాకు అంతుచిక్కలేదు.
వాలు కిటికీలోంచి కాలువ, దాని అవతల
కార్ల ఫ్యాక్టరీ పొగగొట్టాలు మాత్రం
నిటారుగా, పాత పద్ధతిలో.

పదకొండింటికి వచ్చారు.
ముందు ఇల్వీ, పరుగున.
వెనక తాత కార్మేలో,
చేతిలో పిల్ల కోటు, టోపీ, సగం కొరికిన ప్రెట్జెల్.
ఆ పిల్ల వదిలిన వస్తువు లేదు.
నీడను పట్టి ఉంచే గోడ,
మనిషిని పొట్టి చేసే గది,
ఇసుకలో గీతలు గీసే లోలకం.
'ముట్టుకోండి' అన్న బోర్డులు ఇక్కడ ఎటు చూసినా ఉన్నాయి.
ఆయన బోర్డు లేని చోట ముట్టుకున్నాడు.
గోడని.

బొటనవేలితో, నిదానంగా,
బట్టలో నేత తప్పు వెతికేవాడిలా.

"ఏమైనా పోయిందా?" అన్నాను.
"పోలేదు," అన్నాడు,
కలాబ్రియా యాస ఇంకా అరగని జర్మన్‌లో.
"ఎక్కడో ఉండాలి."

ఇంతలో ఇల్వీ లాక్కుపోయింది మా ఇద్దర్నీ.
నలుగురు చేతులు కలిపితే వెలిగే దీపం.
ఇల్వీ, నేను, పోలండ్ నుంచి వచ్చిన ఓ టీచరమ్మ, ఆయన.
వెలగలేదు.
నా పాఠం నాకు కంఠతా వచ్చు.
మొద్దుబారిన పొడి చర్మం కరెంటుకు అడ్డం.
"అరచేయి కాస్త తడి చేసుకుంటే..." అన్నానో లేదో,
పిల్ల తాత చేతిని గుంజుకుని
నాలుకతో ఒక్క గీత గీసింది.
దీపం మినుకుమంది.
నలభై ఏళ్ల మేకులూ పలకలూ సిమెంటూ
ఆ కాస్త ఎంగిలికి దారి ఇచ్చాయి.

అప్పుడు చెప్పాడు, దీపాన్నే చూస్తూ.
"మూడో గరాటుకి సెంట్రింగ్ నాది.
ఏ పలకకీ ఇంకో పలక తోబుట్టువు కాదు, దేని వంపు దానిదే.
కాంక్రీటు జావలా దిగాలి, ఎక్కడా గుల్ల పడకూడదు,
రాత్రంతా పోత ఆగకూడదు.
తెల్లారగట్ల నా పలక ఒకటి బెసికింది.
ఇంత. బొటనవేలి మందం.
ఇంజనీరు ఏమీ అనలేదు.
వారం రోజులు ఏమీ అనలేదు."

దొరికింది.
అద్దాల గది వెనక, మంటలార్పే సిలిండరు పక్కన,
పెదవి కొద్దిగా ముందుకొచ్చినట్టు ఒక అంచు.
వందసార్లు నా భుజం రాసుకుపోయిన చోటే.
కార్మేలో కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, చూశాడు.
నవ్వలేదు.

"దీనికి బటన్ ఏది?" ఇల్వీ గోడంతా తడిమింది.
"నొక్కితే ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదు," అన్నాడాయన.
"అదే దీని పని."

పన్నెండు దాటి నాలుగు నిమిషాలు.
పరుగెత్తాను, నిప్పు లేపడానికి
ఏడేళ్లలో మొదటిసారి ఆలస్యంగా.
మంట తిరుగుతుంటే దాని అవతల
కార్మేలో మెలికలు తిరుగుతూ కనిపించాడు,
వీపు గోడకు ఆనించి,
మిగిలిన ప్రెట్జెల్ తింటూ.