పెట్టెకు చెవి ఆనించి

కసిల్దా తేనె సీసా తెచ్చింది. అది గడ్డకట్టి ఉంది.
"చలికి పేరుకుంది, పాడవలేదు" అంది
గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుంటూ.

అల్కార్రియా మెట్ట మీద జనవరి.
లావెండర్ పొదలు ఎండు కంపల్లా ఉన్నాయి.
మా తలల పైన నలభై మీటర్ల పళ్లెం
గింజంత గింజంత జరుగుతోంది,
ఆవిడ మేకపిల్లలనే ఆ చుక్కల గుంపుకి
(ఇంకెక్కడో దాన్ని పిల్లలకోడి అంటారట)
కాస్త తూర్పుగా,
ఆకాశానికి ఎవరో వేసిన నల్ల మాసిక వైపు.

నేను కంప్రెసర్ చూసుకునేవాణ్ణి.
హీలియం తిరిగే చప్పుడు
ముసలి కుక్క నిద్రలో ఊపిరి తీసినట్టుంటుంది.
అది ఆగిందా, రిసీవర్ వేడెక్కుతుంది.
వేడెక్కిన చెవికి
తన ఒంటి రొద తప్ప ఇంకేం వినపడదు.

"ఏం వినిపిస్తోంది ఎలాదియో, అక్కడ?"

ఎట్లా చెప్పాలి?
అక్కడ వెలుతురు లేదు కసిల్దా, ధూళి.
పొగలోని మసికన్నా సన్నని ధూళి.
రెండు హైడ్రోజన్లు ఖాళీలో ఎదురుపడితే
కలవలేక చెదిరిపోతాయి,
కలిసినప్పుడు పుట్టే వేడిని
ఎవరి చేతికివ్వాలో తెలియక.
అందుకే ధూళిరేణువు కావాలి.
మధ్యవర్తిలా కూర్చుని
ఆ వేడి తను పుచ్చుకుంటుంది.

రేణువు మీద మంచుపొర.
రోజుకొకటి, మహా అయితే రెండు
హైడ్రోజన్ అణువులు వచ్చి వాలతాయి.
కార్బన్ మోనాక్సైడ్ అప్పటికే అక్కడ అతుక్కుని ఉంటుంది.
ఒకటి చేరుతుంది. ఎదురుచూపు.
ఇంకొకటి. మళ్లీ ఎదురుచూపు.
నాలుగోది చేరాక అది మిథనాల్.
తొందరలేదు అక్కడ,
లక్ష ఏళ్లంటే ఒక పూట.

"సారాయా?" అంది, కళ్లు మెరిశాయి.
తాగితే కళ్లు పోయే సారాయి అన్నాను.
"అయితే మా బావగారు కాచేదే."

నవ్వాను. తర్వాత అసలు సంగతి చెప్పాను,
ఎందుకో గొంతు తగ్గించి.
మేం వినేది ఆ మబ్బు పాట కాదు.
దాని ఒంట్లోంచి వేడి పోతున్న చప్పుడు.
ప్రతి అణువూ గిర్రున తిరిగి, నెమ్మదించి,
నెమ్మదించినప్పుడల్లా కాస్త వేడిని
ఇంత సన్నని అలగా బయటికి వదులుతుంది.
అట్లా చల్లబడితేనే మబ్బు తన బరువుకి తను లొంగుతుంది.
లొంగితేనే నక్షత్రం.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
"మా తేనెటీగలు తారుమారు" అంది చివరికి.
"చలికాలం ముద్దగా చేరి, రాణిని నడుమ పెట్టి,
రెక్కలు కదపకుండా ఒళ్లు వణికిస్తాయి, వేడి పోకుండా.
పోయిందా, పెట్టె పోయినట్టే."

ఎట్లా తెలుస్తుంది, బతికున్నాయని?

"పెట్టెకు చెవి ఆనించి వేలి మెటికతో కొడతాను.
ఝుమ్మని లేచి చప్పున ఆగితే క్షేమం.
సాగదీసి ఏడ్చినట్టుంటే
రాణి లేదని అర్థం."

తెర మీద గీత ఎగుడుదిగుడుగా పాకుతోంది.
మబ్బు నడిబొడ్డున అంత చలికి
కార్బన్ మోనాక్సైడ్ కూడా మంచైపోయి నోరుమూసుకుంటుంది.
అప్పుడు వేరే గొంతు లేస్తుంది:
రెండు నైట్రోజన్లు, వాటికి ఒక బరువు హైడ్రోజన్ తోడు.
మిగతా వాళ్లందరూ మౌనం పాటించిన ఇంట్లో
ఒక్కరే సన్నగా మాట్లాడినట్టు.

రెండున్నరకి మూడు మిట్టలు లేచాయి.
పక్కవి పొట్టివి, నడిమిది పొడుగు.
నాలుగు వందల ఏళ్ల నాటి చలి
మా గదిలోకి వచ్చింది.

కసిల్దా లేచి వెళ్లి
రిసీవర్ చల్లబడే లోహపు డొల్ల మీద
మెటికతో ఒకసారి కొట్టింది.
వద్దనేలోపే చెవి ఆనించింది.
నేను ఆపలేదు. ఆపాల్సింది.
గీత వణికింది, ఆ నిమిషం లెక్కంతా పోయింది,
రిజిస్టర్‌లో "కారణం తెలియదు" అని రాశాను.

"ఏమంటోంది?" అని అడిగాను.

"నీ కుక్క గురక" అంది.
"ఆ వెనకాల ఏదో ఉంది. చెప్పలేను."

తేనె తీయబోతే చెంచా వంగింది.
కత్తితో గీరి
రొట్టె లేకుండానే తిన్నాం.