గడప ఇవతల

రెండు రోజులే అంది మోరాగ్.
ఓబన్‌లో చెల్లెలికి మోకాలి ఆపరేషనని
సంచీడు మేత, ఒక దుప్పటి, సగం నమిలిన రబ్బరు బాతు
నా చేతిలో పెట్టి రైలెక్కింది.
మర్నాటికి నాకు జ్వరం.
ఆ మర్నాడు పరీక్షలో రెండు గీతలు.
పది రోజులు బయట అడుగు పెట్టొద్దన్నారు.
కుక్కకి ఎవరు చెప్తారు?

దాని పేరు డచెస్.
పరుగుపందేల్లో రిటైరైన గ్రేహౌండ్,
ఎముకల మీద బూడిదరంగు పట్టు చుట్టినట్టుంటుంది.
ఐదేళ్లు గుండ్రంగా పరిగెత్తీ
బొమ్మకుందేలు చిక్కక
ఇప్పుడు రోజుకి పద్దెనిమిది గంటలు నిద్రపోతుంది.
మిగతా ఆరు గంటలూ నన్ను చూస్తుంది.

గ్రామసింహం అంటాం కదా,
ఇది గ్లాస్గోలో మూడో అంతస్తు సింహం.
మెట్లంటే భయం.
అరవై రెండు మెట్లు, రాతివి, నడుమ అరిగినవి.

పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి
కింది వాటాలో కుర్రాడు, రూరీ, వస్తాడు.
పట్టీ చివర తలుపు పిడికి తగిలించి, గడియ తీసి,
వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడతాను
దాగుడుమూతల్లో దొంగలా.
ఇరవై లెక్కపెట్టేసరికి
మెట్ల మీద గోళ్లు: టక్, టక్, ఆగి,
"కమాన్, హెన్" అని వాడు బతిమాలడం
(ఈ ఊళ్లో ముద్దొస్తే ఆడవాళ్లంతా కోడిపెట్టలే),
మళ్లీ టక్.
వాడి మొహం నేనింకా చూడలేదు.
బూట్ల చప్పుడు తెలుసు.

పార్కు మలుపులో డచెస్ ఒకసారి తలెత్తి
నా కిటికీని వెతుకుతుంది.
లేదా పావురాన్ని.
నేను నా ఖాతాలోనే వేసుకుంటాను.

మా తెనాలి ఇంట్లో మచ్చోడికి గడప దాకే.
అన్నం ముద్ద కోసం
ముందుకాళ్లు గడపకి ఆనించి కూర్చునేవాడు.
ఒక్క గోరు లోపల పడితే నాన్నమ్మ చీపురెత్తేది.
పదమూడేళ్లు, లోపల ఎలా ఉంటుందో
ఒక్కసారీ చూడకుండా పోయాడు.
ఇప్పుడు నా పరుపు మీద డచెస్ అడ్డంగా పడుకుంటే
నేను అంచున సర్దుకుంటున్నాను.
గడప దాకే నాకు.
పాలడబ్బా అందుకుంటూ
బొటనవేలు అవతల పడితే లాక్కుంటాను.
చీపురెత్తేవాళ్లు లేరు. అయినా.

నాలుగో రోజు వాసన పోయింది.
ముక్కు మీద కోపమని పేరు నాకు.
కోపం ఉంది, ముక్కే లేదు.
ఇంగువ డబ్బాలో తల పెట్టాను,
ఫినాయిల్ మూత తీశాను,
రెండూ ఒకటే గాలి.
ఇది మాత్రం నన్ను తెగ చదువుతుంది,
అరచెయ్యి, మోచేతి వంపు, చెవి వెనక.
నూటరెండు దాటిన రాత్రి పరుపు దిగి
తలుపుకి అడ్డంగా పడుకుంది,
ఎవరినీ రానివ్వదో, నన్ను పోనివ్వదో.

ఇంగ్లీషులో చెప్తే వినదు, మోరాగ్ యాస నాకు రాదు.
ఆరో రోజు విసిగి "పడుకోవే తల్లీ" అన్నాను.
పడుకుంది.
అప్పటికే పడుకునుందేమో, సరిగ్గా చూడలేదు.

ఫోన్లో మోరాగ్ గొంతు వినగానే
ఫోను వెనక్కి వెళ్లి చూస్తుంది, సోఫా వెనక్కి వెళ్లి చూస్తుంది.
"నన్ను మర్చిపోయిందా?"
లేదన్నాను. నిజమే.
చెప్తుంటే ఎందుకో గొంతు కాస్త గీరుకుంది.

తొమ్మిదో రాత్రి ఒకటే వాన.
వస్తూనే విదిలించుకుంది,
గోడ మీద, దీపం మీద, నా కళ్లద్దాల మీద.
తువ్వాలుతో తుడుస్తుంటే
ఎక్కడో, చాలా దూరంగా,
తడి గోనెసంచిలాంటిదేదో.
ఆగి, మెడలో ముక్కు గుచ్చాను.
కంపు!
కడుపులో తిప్పేంత, కళ్లలో నీళ్లొచ్చేంత,
అచ్చమైన కుక్క కంపు.
దేన్లో దొర్లిందని రూరీకి మెసేజ్ పెట్టాను.
నక్క పెంట, సారీ, అన్నాడు.

నక్కతోక తొక్కితే అదృష్టమంటారు మావైపు.
ఇది తోక దాకా పోలేదు.

ఆ రాత్రి స్నానం చేయించలేదు.
ఇద్దరం అలాగే పడుకున్నాం.