రిబ్బన్లను ఎవరూ అడగలేదు

జూన్ రెండో శనివారం.
లూనెన్‌బర్గ్ రేవు మీద పొగమంచు
ఇంకా పక్క దిగలేదు.
రోడ్డు వారన లూపిన్లు
మొగ్గల్ని పిడికిట్లో దాచుకుని
వచ్చే వారం చూద్దాంలే అంటున్నాయి.

పూల వేడుకని కార్డులు పంచేశాక
పూలే రానంటే ఏం చేస్తాం?
వెర్నా పెద్దమ్మ కత్తెర తీసింది.

నిజానికి మార్చిలోనే తీసింది.
ఈ ఊరి వసంతాన్ని
ఆమె ఏనాడూ నమ్మి ఎరగదు.

ముప్ఫై ఒక్కేళ్లు చేపల ఫ్యాక్టరీలో
మాకెరెల్ వీపులు చీల్చిన వేళ్లు
ముడతల కాగితాన్ని బొటనవేలితో సాగదీసి
రేకు నడుమ చిన్న గిన్నెంత లోతు చేస్తాయి.
పియోనీకి పదిహేడు రేకులు.
నేను పదిహేనుతో ముగిస్తే
విప్పి మళ్లీ నా ఒళ్లో పడేస్తుంది.
అంచులకి బీట్‌రూట్ నీళ్లు,
పుప్పొడికి మొక్కజొన్న పిండి,
కాడకి, బోనులు కట్టగా మిగిలిన తీగ.

ఫైర్ స్టేషన్ పైన హాలు.
పద్నాలుగు ఇళ్ల నుంచి అరువొచ్చిన టీ కప్పులు,
అడుగున టేపు మీద ఇంటి పేర్లు.
చేతిగుడ్డలకి పాత శాటిన్ రిబ్బన్లు చుట్టాం,
ఎంత ఇస్త్రీ చేసినా
ముడి పడ్డ చోట గీత పోలేదు.

షవర్ అంటే జల్లు కదా,
కిటికీల బయట అదీ మొదలైంది.
మారెన్ అక్క కాగితప్పూల కింద కూర్చుంది,
బూట్లకి బురదతో, తలమీద కిరీటంతో.

శ్రీమతి నికల్ ఒక పియోనీని ముక్కుదాకా తెచ్చి
"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, వాసనేదీ?" అంది.
"గట్టిగా పీల్చు" అంది పెద్దమ్మ.
గట్టిగా పీల్చింది.
మాకెరెల్.
హాలు హాలంతా టీ పొలమారింది.

తర్వాత బహుమతులు.
తెంపిన రిబ్బనుకో బిడ్డ అని ఇక్కడి లెక్క,
అక్క భయంభయంగా ముడులు విప్పుతుంటే
ముసలమ్మలు కత్తెర అందిస్తామని వేళాకోళం.
విప్పినవన్నీ పేపర్ ప్లేటుకి చిల్లులు పొడిచి గుచ్చాను,
పెళ్లి రిహార్సల్‌కి అదే పూలగుత్తి.
ఎవరేమిచ్చారో పెద్దమ్మ పట్టీ రాసింది.
ఎప్పుడూ రెండు ప్రతులు రాస్తుంది.
ఒకటి పెళ్లికూతురికి.
రెండోది ఎందుకో
ఇన్నేళ్లలో నేను అడగలేదు.

గిన్నెలు కడిగేటప్పుడు అడిగాను,
ఇంత మంచి రిబ్బన్లు ఎక్కడ కొన్నావని.

"కొనలేదు. నావే.
డెబ్భై తొమ్మిదిలో, ఈ హాల్లోనే.
ఆగస్టులో పెళ్లి, జూలైలో వద్దన్నాడు."

మా ఊళ్లో ఇలాంటి కథలన్నీ
ఒక్క చోటికే వెళ్తాయి కాబట్టి
గొంతు తగ్గించి, "సముద్రంలోనా?" అన్నాను.

"సముద్రమెందుకు?
బ్రిడ్జ్‌వాటర్‌లో టైర్ల కొట్టు పెట్టాడు.
ఇప్పటికీ నా టైర్లు అక్కడే మారుస్తా,
పది శాతం తగ్గిస్తాడు."

చేతుల నురగ దులుపుకుని,
"పట్టీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగా.
టోస్టర్లు మూడు, కుట్టుపని దుప్పటి, ఉప్పుగిన్నెల జత.
ఎవరివి వాళ్లకి ఇచ్చేశా.
రిబ్బన్లను మాత్రం ఎవరూ అడగలేదు."

ఆ రాత్రి లెక్కపెడితే మూడు తక్కువొచ్చాయి,
ఎవరి సంచిలోనో, ఎవరి జడకో వెళ్లిపోయాయి.
బల్లల కింద మోకాళ్ల మీద పాకి వెతికాను.
"లే, గౌను పాడవుతుంది" అని మాత్రం అంది.

తర్వాత కప్పులు తుడిచి,
బోర్లించి, అడుగున పేర్లు చదువుతూ
ఎవరివి వాళ్ల పెట్టెలో సర్దింది.
ఎవర్నీ అడక్కుండా, ఒక్కటీ తారుమారు కాకుండా.
తిరిగివ్వడంలో చేయి తిరిగిన మనిషి.

వాన తగ్గలేదు.
అక్క కారు ముందుసీట్లో
పేపర్ ప్లేటు గుత్తిని కూర్చోబెట్టి
పెద్దమ్మ దానికి బెల్టు పెట్టింది,
లాగి చూసింది,
మళ్లీ ఒకసారి లాగి చూసింది.