కేళీలు

నాగావళికి ఇవతల, ఆమదాలవలస స్టేషన్లో
పలాస పాసింజరు కూత వినబడే దూరంలో
ఇరవై సాళ్ళ గోగుమడి మాది.
ఎర్రకాడకీ పచ్చకాడకీ అంతకు ముందేడు ముడిపెట్టాం,
కాగితం సంచి తొడిగి, దారం కట్టి, తేదీ రాసి.
తొలి సంతానం అంతా ఎరుపే.
పచ్చ ఎక్కడికీ పోలేదు,
పిలిచేదాకా పలకకూడదని కూర్చుంది.

ఈ ఏడు మనవల వంతు.
మూడు పాళ్ళు ఎరుపు, ఒక పాలు పచ్చ రావాలి.
కాగితం మీద లేని పంపకం,
అయినా తరతరాలుగా నడుస్తున్నదే.

మోకాళ్ళ మీద పాకుతూ లెక్కపెట్టాను.
మొత్తం మూడొందల ఇరవై.
రావాల్సింది రెండొందల నలభై, ఎనభై.
వచ్చింది రెండొందల ఇరవై రెండు, తొంభై ఎనిమిది.

ఎరుపులో పద్దెనిమిది తరుగు,
పచ్చలో పద్దెనిమిది పెరుగు.
కూడితే సున్నా. షావుకారు చిట్టాలో అయితే
అక్కడితో గీత గీసేసేవాడు.
నేను వర్గం చేస్తాను,
ఎటు తప్పినా తప్పడం తప్పడమే కదా.
ఆ మూడొందల ఇరవై నాలుగునీ
రావాల్సిన దానితో భాగిస్తాను.
ఎరుపుకి ఒకటీ ముప్పై ఐదు:
పెద్దింట్లో పద్దెనిమిది మంది తగ్గినా బంతి తెలీదు.
పచ్చకి నాలుగూ సున్నా ఐదు:
చిన్నింటికి అంతమందే ఎక్కువొస్తే గుమ్మం పట్టదు.

రెండు రంగులకీ కలిపి స్వేచ్ఛ ఒక్కటే.
మొత్తం తెలిశాక ఎరుపు నోరు విప్పితే
పచ్చ చెప్పడానికేం మిగలదు.
ఆ ఒక్క స్వేచ్ఛకి పట్టిక వేసిన గట్టు
మూడూ ఎనభై నాలుగు.
నా వెరసి ఐదూ నలభై.
నీళ్ళు గట్టు దాటాయి.
ఊరికే, యాదృచ్ఛికంగా ఇంత దూరం రావడం
నూటికి రెండుసార్లు.

ఏదో జరిగిందంటుంది కై-వర్గ పరీక్ష,
ఏం జరిగిందో అనదు.
కుక్క మొరుగుతుంది గానీ దొంగ పేరు చెప్పదు.

పేడాడ సారు కళ్ళజోడు నుదుటికెత్తి
"జన్యువు ఒకటి కాదేమో, రెండేమో" అన్నారు.
తర్వాత గొంతు తగ్గించి
"ఓ పాతిక ఎరుపులు వేసెయ్,
మడి సాక్ష్యం చెప్పొస్తుందా?"

సాయంత్రం మళ్ళీ సాళ్ళ మధ్య కూర్చున్నాను.
జానెడు ఎడంలో నాటిన చోట
అక్కడక్కడ రెండు జానల ఖాళీ.
వేలు పెడితే గుల్లగా తగిలింది. పీకిన మట్టి.

"నానే పీకినానమ్మా" అంది అసిరమ్మ, దాచకుండా.
"ఎర్రకాడ అవుపిస్తే కేళీ కాదేటి?
ఇత్తనాల మడిలో పాతికేళ్ళుగా అదే కదా నా పని."
ఎన్ని?
"లెక్కెట్టినానా ఏటి? ఓ గుప్పెడు.
పారెయ్యడం ఎందుకని పులుసెట్టుకున్నాం."

నిజమే. రకం చెడకూడదని,
ఎరుపు మెరవగానే పెరికెయ్యమని
ఆ వేళ్ళకి కళ్ళు పెట్టింది మేమే.

ఖాళీలు లెక్కపెట్టాను, ఇరవై నాలుగు.
దొంగతనంగా, అరచేతిలో పెన్నుతో, కలిపి చూశాను.
రెండూ ఇరవై మూడు. గట్టుకి ఇవతలే.
ఎంత చల్లగా ఉందో ఆ అంకె!
కానీ ఆ గుంటల్లో అన్నీ ఎర్రవేనని,
అసలు మొలవనివి ఒకటీ రెండూ లేవని
పులుసు కుండ సంతకం పెడుతుందా?
అరచెయ్యి పైటకి తుడుచుకున్నాను.
పుస్తకంలో ఐదూ నలభైనే ఉంచి
పక్కన రాశాను:
మడిలో చెయ్యి పడింది. చెయ్యి మాది.

మిగిలిన గింజలు తొలకరికి మళ్ళీ వేశాం.
రెండాకులు విప్పాక అసిరమ్మ వచ్చి నిలబడింది.
"ఈపాలి ఏటి పీకమంతారు?"
ఏదీ వద్దన్నాను.
"పచ్చవీ?"
పచ్చవీ వద్దు.
"మరైతే ఇందులో కేళీలేవమ్మా?"
నాకు వెంటనే జవాబు రాలేదు.

కాసేపు చూసి
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
సాలు వెంట నడుచుకుంటూ పోయింది.
వేళ్ళు మాత్రం వీపు మీద
దేన్నో పీకుతూనే ఉన్నాయి.