డిసెంబరులో మా ఊళ్ళో మగాళ్ళుండరు

డిసెంబరు ఒకటిన మండలం నుంచి జీపొస్తుంది.
ఎర్ర రిబ్బన్లు, బ్యానరు, మైకు,
రెండట్టపెట్టెల బిస్కట్లు.
బడిపిల్లలు వరసకట్టి నినాదాలు అరుస్తారు.
అంటే ఏంటని అడిగితే టీచరమ్మకి దగ్గొస్తుంది.
ఎండుచేపల మీద కాకుల్ని తోలుతున్న ఆడవాళ్ళు
ఆ చేత్తోనే జీపుకీ ఊపుతారు.
ఫొటో అవుతుంది. దుమ్ము మిగుల్తుంది.

మగాళ్ళా?
ఆగస్టులోనే ఆమదాలవలసలో రైలెక్కి
వీరావల్ పోయారు.
ఆ దరి సముద్రంలో ఎవరి బోటు మీదో
ఎవరి వలో లాగుతుంటారు.
వేట ఆగిన జూన్‌లో తిరిగొస్తారు,
నల్లగా, బరువుగా, భుజాన కొత్త దుప్పటితో.

రిజిస్టరు రాసేది నేనే.
హాజరు నూట నలభై, పరీక్షలు పదకొండు.
ఆ పదకొండూ కడుపుతో ఉన్నవాళ్ళవి.
అలా ఆరేళ్ళు.
ఏడో ఏడు జిల్లా మీటింగులో లేచి అడిగాను:
"సార్, ఈ దినాన్ని జూన్‌కి జరపడం కుదరదా?"
హాలంతా నవ్వింది.
ప్రపంచమంతటికీ ఒకటే తేదీ తల్లీ, అన్నారు.
ప్రపంచం ఆ రోజు ఇంట్లోనే ఉంటుంది కాబోలు.

నవ్వనివాడు లాబ్ తవిటినాయుడొక్కడే.
మెట్ల దగ్గర టీ గ్లాసు నాకందిస్తూ
"కిట్లు నాను దాస్తాను, మనుసుల్ని నువ్వట్టుకురా" అన్నాడు.

మనుషులెక్కడ దొరుకుతారు?
ఊళ్ళో దిగిన మగాడు అమ్మోరికి మొక్కకముందే
కామేసు సెలూన్లో కూర్చుంటాడు.
పది నెలల గడ్డం.
"తల నా సేతిల ఉన్నంతసేపు ఎవుడూ కదల్డు,
ఆ ఇరవై నిమిసాలు నీయి" అన్నాడు కామేసు.
ఇరవై నిమిషాలు!
వేలి చుక్క కిట్టు మీద పడ్డాక
గీత తేలడానికి పట్టేదీ అంతే.

బోటు మేస్త్రి దానయ్య మాత్రం నాలుగు రోజులు తిప్పాడు.
"మా గుంటలకి పేరు సెడగొట్టకు" అన్నాడు.
అతని పెళ్ళాం ఎరకమ్మ చేపల తట్ట దించకుండానే అంది:
"పేరేటి, ముందు పేనం ఉండాల గదేటి."
అయిదోరోజు తనే వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు,
కళ్ళు గట్టిగా మూసుకుని,
సూదికో, కత్తికో.

కామేసు ప్రతి తలకీ కొత్త బ్లేడు విప్పి
కళ్ళముందే చూపించి, పని కాగానే విరిచేవాడు.
పేర్లు లేవు. టోకెన్లు.
ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు పాత నంబరు బిళ్ళలిచ్చారు,
అవింకా చేపల కంపు కొట్టేవి.
మూడు రోజులు. నూట అరవై రెండు బిళ్ళలు.

నా పెనిమిటి కూడా ఒక జూన్‌లోనే వచ్చాడు,
దుప్పటితో, దగ్గుతో.
గడ్డం గీసినవాడున్నాడు గానీ
ఆ రోజు ఇంకేమీ అడిగినవాడు లేడు.
నాకు తెలిసింది ఏడోనెల కడుపుతో.
పుట్టిన పిల్లాడికి చుక్కలు వేశారు. వాడికి రాలేదు.
ఇప్పుడు ఆరో తరగతి, లెక్కల్లో మొద్దు.
కళింగపట్నం లైటు మా గోడ మీద తిరిగే వేళకి
"అమ్మా, మాత్ర" అని అరిచేది వాడే.

ముప్ఫై ఏడో బిళ్ళ.
అది తెచ్చినవాడి పేరు ఇక్కడా రాయను.
గడ్డం పోయిన చెంపలతో పసివాడిలా ఉన్నాడు.
"సచ్చిపోతానేటి అప్పా?" అన్నాడు.
సంచిలోంచి నా మాత్రల డబ్బా తీసి
బల్ల మీద పెట్టాను. గలగలమంది.
"పదకొండేళ్ళు" అన్నాను.
వాడు డబ్బాని చూశాడు, నన్ను చూశాడు,
మళ్ళీ డబ్బాని.

సోమవారం పొద్దున్న శ్రీకాకుళం బస్సు.
ఇద్దరి టికెట్లూ నేనే అడిగాను.
కండక్టరు చిల్లర వెతుక్కుంటూ అన్నాడు:
"ఇద్దరూ ఒక్కచోటికేనా?"

నాకన్నా ముందు వాడే అన్నాడు,
"ఒక్కచోటికే."