వందకి రూపాయి

పొదలకూరు నిమ్మ మార్కెట్టుకి ఎదురుగా
ఎనిమిదడుగుల కొట్టు నాది.
జెరాక్సు, రీచార్జి, డబ్బు పంపడం.
వందకి రూపాయి నాకు.

మస్తానమ్మ కాయలు ఏరే మనిషి.
గుట్ట ముందు గొంతుక్కూర్చుని
ఎవరితోనో మాట్లాడుతూనే ఏరేస్తుంది
ఏది పొక్కు, ఏది గుల్ల,
ఏది లారీలో మూడోరోజుకి మెత్తబడుతుందో.
కాయ ఆ వేళ్లలో ఒక్కసారి తిరిగితే చాలు.

ఎండలు ఇంకా ముదరలేదు.
ఫోను పట్టుకుని వచ్చింది.
"చదువబ్బయా, ఏందో ఇరవై అయిదు లచ్చలంట."
చదివాను.
టికెట్టు కొనకుండానే ఆమె నంబరు గెలిచిందట.
నేను నవ్వలేదు.
అప్పుడు నవ్వి ఉంటే బాగుండేది.
కొట్టు ముందు ఇంకా ముగ్గురున్నారు,
ప్రింటు పది రూపాయలు.

ఫైలు ఖర్చు పద్దెనిమిదొందల యాభై.
నోట్లు నిమ్మ వాసన కొట్టాయి.
పన్ను ఆరువేల నాలుగొందలు.
ఈసారి ఆమె చెవులు బోసిగా ఉన్నాయి,
నేను వేలిముద్ర మిషను తుడుస్తూ కూచున్నాను.
ఢిల్లీలో పెద్ద ముద్ర కొట్టేందుకు పన్నెండు వేలు.
అది మేస్త్రి ఇచ్చాడు,
వచ్చే కాపు దాకా చెయ్యబోయే కూలి మీద.
"ఎవరికీ చెప్పొద్దమ్మా, దిష్టి తగులుద్ది"
అందట ఫోనులో గొంతు.
నిమ్మకాయల మధ్య బతికేదానికి
దిష్టి సంగతి కొత్తగా చెప్పాలా!
నోరు కుట్టేసుకుంది.

మొత్తం ఇరవైవేల రెండొందల యాభై.
నా వాటా రెండొందల రెండున్నర.
ఆ అర్ధరూపాయి మిషను ఎక్కడ దాచిందో తెలీదు.

తర్వాత ఆ నంబరు మోగలేదు.
ఏడవలేదు మస్తానమ్మ. వచ్చి,
"కాయనైతే నొక్కి చూసేదాన్నబ్బయా,
కాయితాన్ని యాడ నొక్కేది?" అంది.
ఆ కాయితం నా కొట్లోనే పుట్టింది.
రంగుల్లో కావాలంటే ఇరవై తీసుకున్నా.

నిన్న మళ్లీ వచ్చింది.
పోయిన డబ్బు తెచ్చిపెట్టే ఆఫీసు
ఒకటుందంట, వాళ్లే చేశారంట.
దరఖాస్తుకి తొమ్మిదొందలు.
బల్ల మీద నోట్లు పరిచింది.
"ఇదీ మోసమే" అన్నాను.
"మొదటిదానికి చెప్పలా నువ్వు" అంది.
కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.

నాకు ఇంకో మాట దొరకలేదు.
"సర్వరు డౌనమ్మా."
మిషను వంక చూసింది,
పచ్చ లైటు వెలుగుతానే ఉంది.
తర్వాత నా మొహం వంక చూసింది
చాలాసేపు,
కాయని తిప్పినట్టు.
నోట్లు ఏరుకుని మెట్టు దిగింది.

అవతల పక్క చెంచయ్య కొట్లో
సర్వరు ఎప్పుడూ డౌను కాదు.
తొమ్మిదొందలకి తొమ్మిది రూపాయలు,
అతనికైనా అంతే.

ఢిల్లీ పోయే నిమ్మ లారీ ఒకటి
మా ఇద్దరి మధ్య వచ్చి ఆగింది.
డ్రైవరు టీకి దిగాడు.
అది కదిలేదాకా
ఆమె ఎటు నడిచిందో నాకు కనపడలేదు.